పండుకోలే... సోంచాయిస్తున్న

“ఆరు టికెట్లు” అంది రిబ్కా. “పోయేటియి మూడు, వచ్చేటియి మూడు. అన్నీ భద్రాచలానియే.”

ఉతకడానికి తీసిన చొక్కా జేబులో దొరికిన బస్సు టికెట్లవి. వాటిని బల్ల మీద వరసగా పరిచి, ఫ్యాను గాలికి ఎగరకుండా పైన ఉప్పు డబ్బా పెట్టింది. మామూలుగా అయితే ఆ చోట మొగుడి ఇడ్లీ పళ్లెం ఉండాలి.

నైట్ షిఫ్టు దిగి ఇల్లెందు వైపు నుంచి అప్పుడే వచ్చిన ఆంథోని టికెట్ల వంక ఒకసారి, పళ్లెం లేని బల్ల వంక ఒకసారి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతున్న మనిషి. ఇంటంత బండిని లోయ అంచున వెనక్కి మలుపుతున్నా చెమట పట్టనివాడికి ఇప్పుడు మెడ తడిసింది.

“చెప్పవేందయ్యా? భద్రాచలంల ఎవలున్నరు?”

“ఎవలుంటరు? రాముడుంటడు.”

“నువ్వు ఆర్సీయం, నేను సీయస్సై. మన పెండ్లికే రెండు చర్చీలు ఏడాది కొట్లాడినయ్. ఇప్పుడు నడుమ మూడో గుడి ఎందుకయ్యా?”

వంటింటి గడపలో నిలబడ్డ కొడుకు జాషువా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. కూతురు బ్లెస్సీ మాత్రం నవ్వలేదు. ఆ ఇంట్లో నవ్వే హక్కు తనకు వారం కిందటే పోయిందని ఆ పిల్లకు తెలుసు.

తంటా తెచ్చింది ఆ పిల్లే మరి. బ్లెస్సీ ఖమ్మంలో ఒక బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్. భద్రాచలం అవతలి అడవి పల్లెల నుంచి తలసీమియా పిల్లల్ని తల్లులు పదిహేను రోజులకోసారి రక్తం ఎక్కించడానికి తీసుకొస్తారు. వాళ్లకు బస్సు కిరాయి ఉండదు, ఆగడానికి చోటుండదు, ఒక్కోసారి ఎక్కించే రక్తమే ఉండదు. సాయం అడిగితే జనం జాలిగా ముఖం పెట్టి మెల్లగా జారుకుంటున్నారు. ఈసారి నవ్వించి అడుగుదామనుకుంది బ్లెస్సీ. అమ్మి ఆ డబ్బు పిల్లల కిరాయిలకు వాడదామని రబ్బరు చేతి బ్యాండ్లు చేయించింది. పైవైపు అందరం రోజూ ఆడే ఒక అబద్ధం. లోపలివైపు, చర్మానికి తగిలే చోట, “రక్తం ఇస్త. ఇది మాత్రం నిజం” అని.

ఇంకా మంచం దిగని వాళ్లు ఫోన్లో చెప్పే “దార్ల ఉన్న” ఒకటి. షుగర్ వాళ్ల కోసం “ఒక్కటే తిన్న” ఒకటి. కానీ జనం ఎగబడి కొన్నది మూడోది.

“పండుకోలే... సోంచాయిస్తున్న.”

అది ఆంథోని సొంత మాట. గురక పెడుతుంటే ఎవరు లేపినా, నిద్ర కాదు ఆలోచనలో ఉన్నానని, కళ్లు కూడా తెరవకుండా, ఏదో దేశ సమస్య మధ్యలో ఆపినట్టు విసుగ్గా చెప్పే మాట. ఖమ్మం ఖానాపురం హవేలిలో వాళ్ల వీధికి అది ఎప్పుడో తెలుసు. ఇప్పుడు ఊరంతటికీ తెలిసింది. షేర్ ఆటో నడిపేవాడి చేతికి అదే, పాలు పోసే మనిషి చేతికి అదే. ఆంథోనికి రోషం వచ్చింది. కొందరు రోషం వస్తే అరుస్తారు, కొందరు అన్నం మానేస్తారు. ఈయన ఇంట్లో నిద్ర మానేశాడు. పొద్దున షిఫ్టు దిగి వస్తాడు, స్నానం చేస్తాడు, తింటాడు, “పనుంది” అని బయటపడతాడు. సాయంత్రం వచ్చి మళ్లీ షిఫ్టుకు పోతాడు.

“మూడు దినాలాయె, ఇంట్ల కన్ను మూయలే” రిబ్కా గొంతు కొంచెం తగ్గింది. “గా భద్రాచలంల ఏం చేస్తున్నవ్?”

ఆంథోని ఉప్పు డబ్బా పక్కకు జరిపాడు. “పండుకుంటున్న.”

“ఏందీ?”

“బస్సుల పండుకుంటున్న. పోయేటప్పుడు మూడు గంటలు, మలిగేటప్పుడు మూడు గంటలు. ఎక్కంగనే కిటికీ సీటు పట్టుకుంట. ఆ ఇంజను మోతల నా చప్పుడు ఎవనికీ ఇనపడదు. ఇనపడ్డా నేనెవరో తెల్వదు. కొత్తగూడెం దాటినంక బస్సుల అందరూ పండుకునేటోల్లే. అందరం ఒక్కటే.”

జాషువా దగ్గు ఆగిపోయింది. బస్సు కిటికీకి తల ఆనించి, రామదర్శనం చేసుకోకుండానే భద్రాచలం పోయి వస్తున్న తండ్రి బొమ్మ ముగ్గురికీ ఒకేసారి కళ్ల ముందు నిలబడింది. రిబ్కాకు నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది. లోపలికి వెళ్లి ఇడ్లీలు తెచ్చి, చట్నీ వేస్తూ ఒక వింత ప్రశ్న అడిగింది.

“పక్క సీట్ల ఎవలన్న కూసుంటరా?”

“ఉంటే ఉంటరు, లేకుంటే లేదు. గదేం ప్రశ్న?”

రిబ్కా ఇంకో ఇడ్లీ వడ్డించింది.

బ్లెస్సీ బల్ల దగ్గరికి వచ్చింది. “డాడీ, తప్పయింది. నిన్ను అడగకుండ చేసిన. అమ్ముడు ఆపేస్త. కొత్త డబ్బా ఇంక విప్పలే, వాపస్ పంపుత.”

“ఎందుకు అడగలే?”

“అడిగితే వద్దంటవని.”

“వద్దంటనని నీకెట్ల తెలుసు బిడ్డా? ఇరవై ఆరేండ్లల నువ్వు అడిగింది ఏదన్న వద్దన్ననా?”

బ్లెస్సీ వెతుక్కుంది. పదో తరగతిలో స్కూటీ, ఆ తర్వాత హైదరాబాదులో చదువు, చర్చి క్వయర్ మాని ఆదివారాలు బ్లడ్ క్యాంపులకు తిరగడం. ఒక్క ‘వద్దు’ కూడా దొరకలేదు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

“బేస్తవారం పిల్లలు ఎంతమంది వస్తున్నరు?” ఇడ్లీ తుంచుతూ అడిగాడు ఆంథోని.

“పదకొండు మంది. దుమ్ముగూడెం దిక్కు నుంచి కొత్తగ ఒక పాప వస్తున్నది. పేరు గోరి. నాలుగేండ్లే.”

“మరి ఆపేస్త అంటవేంది? నా ఒక్కని రోషానికి ఆ పిల్లలు ఇంట్ల కూసోవాల్నా? విప్పు ఆ డబ్బా.”

“మరి నువ్వు?”

“నేను భద్రాచలం పోత.”

ఈసారి జాషువా ఆపుకోలేకపోయాడు. రిబ్కా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆంథోని మీసం కింద కూడా ఏదో కదిలింది. ఇంకొక్క నిమిషం దొరికి ఉంటే ఆ ఇంట్లో గొడవ అక్కడితో సద్దుమణిగి ఉండేదేమో. అంతలో గేటు ముందు బైకు ఆగింది.

వచ్చింది వెంకన్న. గనిలో జీపు నడుపుతాడు, ఉండేది వైరాలో. షిఫ్టులు కలిసినా కలవకపోయినా వారానికోసారి ఈ ఇంట్లో చాయ్ తాగకపోతే అతనికి తోచదు. ఇవాళ చాయ్ అడగలేదు. జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద, టికెట్ల పక్కన పెట్టాడు.

“అన్నా, సంగతి జర ఖరాబైంది.”

“ఏమైంది?”

“నిన్న పొద్దుగాల మస్టర్ కాడ హాజరేసేటప్పుడు సేఫ్టీ ప్రతిజ్ఞ చేపిచ్చిండ్రు. కుడిచెయ్యి ముందటికి చాపి, పనిల హుషారుగ ఉంట అని చెప్పాలె కదా. చాపినం. నలభై మందిమి. నలభై చేతులకు ఏమున్నయ్?”

“అయ్యో” అంది బ్లెస్సీ.

“పెద్దసారు ఈ కొస నుంచి ఆ కొస దాక చదువుకుంట పోయిండు. పండుకోలే సోంచాయిస్తున్న, పండుకోలే సోంచాయిస్తున్న, పండుకోలే సోంచాయిస్తున్న. ఇది ఎవని మాటరా అన్నడు. ఒక్కడు నోరిప్పలే. గా కుమారస్వామి ఉన్నడు చూడు, నవ్వు ఆగక, ఆంథోనన్నది సార్, నైట్ షిఫ్ట్ డంపర్ అన్నడు.”

“మంచి దోస్తు” అన్నాడు ఆంథోని.

“గంతవరకు నవ్వులే. పొద్దుగూకేసరికి మాట మారింది.” వెంకన్న జాషువా వైపు ఒకసారి చూసి, వెంటనే చూపు దించుకున్నాడు.

“ఏమని మారింది?” రిబ్కా అడిగింది.

“వద్దులే వదినా.”

“చెప్పు మరిదీ. మా ఇంటి మాట మాకు తెల్వకపోతే ఎట్ల?”

“అన్న అన్‌ఫిట్ కోసం డ్రామా ఆడుతున్నడంట. ఇంక మూడేండ్లే సర్వీసు. ఇప్పుడు నిద్రరోగమని రాపిచ్చుకుంటే నౌకరీ కొడుక్కొస్తదని, దానికే బిడ్డతోని ఊరంత పట్టీలు పంచిపిస్తున్నడని. ముందుగాల్నే సాక్ష్యం తయారు చేసుకుంటున్నడంట.”

బొగ్గు బెల్టులో పుట్టినవాళ్లకు ఈ మాట విప్పి చెప్పనక్కర్లేదు. జబ్బువల్ల పనికిరాడని డాక్టర్లు రాస్తే ఆ ఉద్యోగం ఇంట్లో పిల్లలకు వస్తుంది. నిజంగా ఊపిరితిత్తులు పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారు, లేని మోకాలి నొప్పిని దవాఖానా దాకా కుంటుతూ మోసిన వాళ్లూ ఉన్నారు. అందుకే అక్కడ ఎవడు గట్టిగా దగ్గినా పక్కవాడు వాడి సర్వీసు లెక్కేస్తాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. మన బ్లెస్సీ పాపం, పోయిపోయి ఆ చెట్టు కిందే పాల దుకాణం తెరిచింది.

కవరులో ఉన్నది మెడికల్‌కు పిలుపు. మర్నాడు పదింటికి దవాఖానాలో హాజరు కావాలి. భార్యను వెంట తీసుకురావాలి. అప్పటిదాకా షిఫ్టుకు రావద్దు.

ఆంథోని కాగితం రెండుసార్లు చదివాడు. చేయి కడుక్కోకుండానే లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

“ముప్పై ఒక్క ఏండ్లు. నా బండితోని ఒక్క మనిషికి గోరంత దెబ్బ తాకలే. గురకకు నవ్విండ్రా, నవ్వనీ. పిల్లలకు కిరాయిలొస్తయంటే ఇంక నాలుగు దినాలు నవ్వనీ.” కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు. “కానీ దొంగ అంటరా వెంకన్నా నన్ను?”

వెంకన్న తల దించుకున్నాడు. “నేనన్ననా అన్నా?”

“జాషువా” అన్నాడు ఆంథోని.

“డాడీ.”

“నీకు కావాల్నా నా సీటు?”

జాషువా బీటెక్ అయి రెండేళ్లు. రోజూ లైబ్రరీకి పోయి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. వద్దు అని వెంటనే అనేస్తాడని అందరూ అనుకున్నారు. అనలేదు. పక్కింట్లో మిక్సీ మొదలై ఆగింది. మళ్లీ మొదలైంది. రిబ్కా కొడుకు ముఖం చూడలేక కిటికీ బయటికి చూసింది.

“ఒక్కసారి అనుకున్న” అన్నాడు చివరికి. “పోయిన నెల రిజల్ట్ వచ్చినప్పుడు. నా నంబర్ లేకుండె. లైబ్రరీ మెట్ల మీద కూసొని అనుకున్న. ఒక్కసారే డాడీ. మళ్ల సిగ్గయింది. ఇంటికొచ్చి నీ బూట్లు తుడిచిపెట్టిన.”

ఆంథోని కొడుకు వంక చాలాసేపు చూశాడు. ఆ రోజు పాలిష్‌తో మెరుస్తున్న బూట్లు చూసి, ఇదేదో బైకు అడగడానికని తాను అనుకున్న సంగతి గుర్తొచ్చింది. పక్క కుర్చీ కాలితో బయటికి జరిపి, తన పళ్లెంలో మిగిలిన రెండిడ్లీలూ వాడి ముందుకు తోశాడు.

“కూసో. తిను. అనుకుంటే ఏం కాదురా. నిజం చెప్పినవ్ చాలు.”

జాషువా కూర్చుని ఒక ఇడ్లీ తుంచాడు.

బ్లెస్సీ కవరు తీసుకుని చదివింది. ల్యాబు పిల్ల కదా, కాగితం చేతికొచ్చాక ధైర్యం వచ్చింది. “డాడీ, గురకకే ఎవ్వరూ అన్‌ఫిట్ చెయ్యరు. నిద్రల ఊపిరి ఆగితేనే ఖతరా. గట్లున్నోల్లకు పగటిపూట తెల్వకుండనే కండ్లు మూతపడ్తయ్. నీకు గదేం లేదు కదా?” అని తల్లి వైపు తిరిగింది. “మమ్మీ, ఎప్పుడన్న ఊపిరి ఆగిందా?”

“చట్నీల ఉప్పు తక్కువైంది” అని రిబ్కా ఖాళీ గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

వెంకన్న వెళ్లాక ఆంథోని వంటింట్లోకి వచ్చాడు. “రేపు నిన్ను అడుగుతరు. మంచిగ పండుతడు, గురక గింతే అని చెప్పు. గా మాటతోని అయిపోతది. మళ్ల బండెక్కుత, నా ముందట ఎవడు మాట్లాడుతడో చూస్త.”

“ఊ” అంది రిబ్కా.

పెళ్లయి చాలా ఏళ్లయిన వాళ్లకు తెలుసు. ఊ అంటే ఒప్పుకున్నట్టు కాదు, వినబడిందని అంతే.

షిఫ్టు లేదు, భద్రాచలం పోయే ఓపిక లేదు. ఆంథోని ఆ పూట ఇంట్లోనే మంచమెక్కాడు. మూడు రోజుల తర్వాత లోపలి గదిలోంచి గురక వినబడేసరికి బ్లెస్సీ ప్రాణం లేచొచ్చింది. చెప్పుల చప్పుడు కాకుండా నడిచింది. టీవీ ప్లగ్గు పీకేసింది. కొత్త డబ్బా విప్పి బ్యాండ్లు కట్టలు కడుతూ ముందుగదిలో కూర్చుంది.

రిబ్కా ఆ గది తలుపు పక్కనే నేల మీద చాట పెట్టుకుని బియ్యం ఏరుతోంది. అవి మొన్న సంతలో కొన్న శుభ్రమైన బియ్యం. ఒక్క రాయి లేదు. అయినా ఏరుతూనే ఉంది.

కొంతసేపటికి గురక ఆగింది. బ్లెస్సీ పట్టించుకోలేదు. కానీ తల్లి వేళ్లు బియ్యంలోనే ఆగిపోయాయి. పెదాలు కదులుతున్నాయి. చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. మంచం కిర్రుమంది. పెద్ద ఎగశ్వాస ఒకటి, ఆ వెనకే మళ్లీ గురక. రిబ్కా వచ్చి యథాస్థానంలో కూర్చుంది.

రెండోసారి కూడా అలాగే అయింది. బ్లెస్సీ చేతిలో కట్ట జారిపోయింది.

“ఎన్నేండ్ల నుంచి మమ్మీ?”

రిబ్కా బియ్యం వంక చూస్తూనే, “మెల్లగ మాట్లాడు, లేస్తడు” అంది.

“నాకన్న చెప్పొద్దా? నేను చేసే పనే గది కదా?”

“నువ్వు డాక్టర్ల దగ్గరికి గుంజుకపోతవని చెప్పలే.”

“రేపు ఏం చెప్తవ్?”

ఎప్పుడూ ఎవరికో ఒకరికి సలహా చెప్పే రిబ్కా కూతురి ముందు చిన్నపిల్ల ముఖం పెట్టింది. “నాకు తెల్వదు బిడ్డా. ఆగుతది అంటే ఆయన పరువు పోతది. ఆగదు అంటే...” అని ఊరుకుంది. బ్లెస్సీ వెళ్లి తల్లిని ఆనుకుని కూర్చుంది. ఇద్దరూ కలిసి, రాళ్లు లేని బియ్యం, ఆయన లేచేదాకా ఏరారు.

మర్నాడు పది దాటి నలభై నిమిషాలైనా డాక్టర్ నిర్మలాదేవి రాలేదు. దవాఖానా వరండాలో బెంచీల మీద పది పన్నెండు మంది కార్మికులున్నారు. ఆంథోని, రిబ్కా, వెనకాల వెంకన్న పదింటికే వచ్చారు. వాళ్లను చూసి అందరూ ఒక్కసారిగా కుడిచేతులు జేబుల్లో పెట్టుకున్నారు. జేబు లేని లుంగీ కట్టుకొచ్చిన కుమారస్వామి మాత్రం చెయ్యి ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక్కి పెట్టుకుని, “మంచిగున్నవా అన్నా?” అన్నాడు.

“సోంచాయిస్తున్న” అన్నాడు ఆంథోని పొడిగా.

ఎవరూ నవ్వలేదు. ఒకడు మాత్రం పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. పక్కవాడు రిబ్కా వైపు చూసి తల ఊపాడు. భార్యను కూడా బాగానే తయారుచేసి తెచ్చాడని దాని అర్థం. రిబ్కాకు అర్థమైంది. నిటారుగా నడిచింది.

డాక్టరమ్మ ఉరుకులు పరుగుల మీద వచ్చింది. ఆమె మణికట్టుకు “దార్ల ఉన్న” బ్యాండు ఉంది. అది చూసి ఆంథోనికి కొంత ఊరట కలిగింది. వెంకన్న అసలు బయట ఉండాలి. కానీ సగం తెరిచిన తలుపు పట్టుకుని గడప మీదే నిలబడ్డాడు. పొమ్మనడానికి ఎవరికీ మనసు రాలేదు.

“ఆంథోని గారూ, ఆ మాట మీదేనట కదా? మా ఆయనకు ఒకటి కొన్నాను” అని నవ్వి, కళ్లద్దాలు పెట్టుకుంది నిర్మలాదేవి. “బయట అనుకునేవి నేను రాయను. మీరు చెప్పిందే రాస్తాను. షిఫ్టులో ఎప్పుడైనా కునుకు పట్టిందా?”

“లేదు మేడం.”

ప్రశ్న పూర్తికాకముందే వచ్చింది జవాబు. ఆమె రాసుకుంది. బీపీ చూసింది, మెడ కొలిచింది, నోరు తెరిపించి లైటు వేసి చూసింది. తర్వాత కుర్చీ రిబ్కా వైపు తిప్పింది.

“అమ్మా, ఇది మీరే చెప్పగలరు. నిద్రలో ఈయనకు ఊపిరి ఆగుతుందా?”

రిబ్కా మొగుడి వంక చూసింది. ఆంథోని గోడకున్న కంటి పరీక్ష అక్షరాల వంక చూస్తున్నాడు.

“ఆగుతది మేడం.”

ఆంథోని గిర్రున ఆమె వైపు తిరిగాడు.

“ఎంతసేపు?”

“ఆగంగనే నేను పరలోక ప్రార్థన మొదలువెడ్త. ఒక్కోసారి సగం కాంగనే ఊపిరొస్తది. ఒక్కోసారి రాదు. అప్పుడు భుజం పట్టి ఊపుత. పెద్దగ గుంజుకుంటడు, మళ్ల పండుకుంటడు. ఆయనకేం తెల్వదు.”

“ఎన్నాళ్లుగా?”

“మూడేండ్లాయె.”

“మూడేండ్లా?” ఆంథోని కుర్చీలోంచి సగం లేచాడు. “మూడేండ్ల సంది నువ్వు పండుకుంటలేవా?”

“పండుకుంట. నువ్వు షిఫ్టుకు పోయినంక.”

ఆంథోని పెళ్లాం ముఖాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. ఆ కళ్ల కింది నలుపు వయసుదని అనుకున్నాడు ఇన్నాళ్లూ. ఒకటి రెండుసార్లు దాని మీద జోకులు కూడా వేశాడు.

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే బండి దిగుతవ్. ఆ బండి మీద ఉంటేనే నీ ముఖంల వెలుగుంటది. నాకు తెల్వదా?”

“మరి ఇయ్యాల చెప్పినవేంది రిబ్కా? బయట ఏమంటున్నరో ఇన్నవ్ కదా? వాళ్ల మాట నిజం చేసినవ్.”

“ఇంట్ల పండుకుంటే నేనుంట.” రిబ్కా కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. “బస్సుల నీ పక్కన ఎవలున్నరయ్యా? కొత్తగూడెం దాటినంక ఊపిరి ఆగితే ఎవలు ఊపుతరు? దించేటప్పుడు లేపుదామని కండక్టర్ వచ్చేసరికి... దొంగ అంటే అననీ. నువ్వుంటే కదా ఏదన్న అనేది!”

అంత ప్రేమను ఎదురుగా పెట్టుకుని ఏ మనిషి మాత్రం వాదిస్తాడు? ఆంథోని చేయి చాపి ఆమె మోచేయి పట్టుకున్నాడు. నలుగురిలో అలా పట్టుకోవడం వాళ్లకు అలవాటు లేదు.

నిర్మలాదేవి కొంచెం ఆగి, మెత్తగా చెప్పింది. “దీనికి వైద్యం ఉంది ఆంథోని గారూ. హైదరాబాదులో ఒక రాత్రి పరీక్ష చేస్తారు. ముక్కుకు పెట్టుకునే చిన్న మిషను ఇస్తారు. చాలామంది మళ్లీ పనిలోకి వచ్చారు. కొందరు రాలేదు. అది పరీక్ష చూసి బోర్డు తేలుస్తుంది. అప్పటిదాకా మాత్రం మీరు డంపర్ ఎక్కకూడదు.”

“అట్లనే మేడం.”

ఆమె కాగితం తిప్పి ముందుకు జరిపింది. “ఇది మీ వాంగ్మూలం. చదువుకుని సంతకం పెట్టండి. ఒక విధంగా ఇది మీకు మేలే. డ్యూటీలో ఎన్నడూ కునుకు పట్టలేదని ఉంది కాబట్టి మీ సర్వీసు మీద మచ్చ రాదు.”

ఆంథోని పెన్ను తీసుకున్నాడు. ఒక్కొక్క లైనూ వేలు పెట్టి చదివాడు. మధ్యలో ఒక చోట వేలు ఆగిపోయింది. తలుపు దగ్గర వెంకన్న, “పెట్టన్నా, మంచిగనే రాసింది మేడం” అన్నాడు.

ఆంథోని పెన్ను కింద పెట్టేశాడు.

“మేడం, ఈ లైను కొట్టెయ్యాలె.”

“ఏది?”

“కునుకు పట్టలే అన్నది. పట్టింది.”

రిబ్కా కొంగుతో కళ్లు తుడుచుకుని అతని వైపు తిరిగింది.

“పోయిన నెల. అప్పుడు నాది పగటి రెండో షిఫ్టు, ఇంక ఎండ పోలే. లోడుతోని దిగువకు వస్తున్న. కండ్లు ఎప్పుడు మూతపడ్డయో తెల్వదు. తెరిచేసరికి ముందట జీపు. బ్రేకు మీద నిలబడ్డ. చేతికందేంత దూరంల ఆగింది.”

“ఎవరికైనా చెప్పారా?”

“చెప్పలే. జీపుల నుంచి మనిషి దిగి ఉరికొచ్చిండు. నీ బ్రేకు చలువన్నా, నా పాణం కాపాడినవ్ అని రెండు చేతులు పట్టుకున్నడు. నేను అవ్ అన్న.” ఆంథోని కాగితం వెనక్కి జరిపాడు. “ఇంటికి పోయి వాని పిల్లలకు కూడ చెప్పిండంట.”

తలుపు కిర్రుమని కొంచెం తెరుచుకుంది.

ఆంథోని అటు తిరగకుండానే అన్నాడు. “వెంకన్నా, ఆ దినం నేను నిన్ను కాపాడలే. నిద్రల నీ మీదికొచ్చిన.”

వెంకన్న లోపలికి వచ్చి, బల్ల మీది పెన్ను తీసి ఆంథోని చేతిలో పెట్టాడు.